తాళ్ళపాక పదం, ఒంటిమిట్ట మైకు

శ్రీరామనవమి వచ్చిందంటే తెలుగునాట ఊరూరా పట్టపగలే రాములవారి పెళ్లి అయిపోతుంది. ఒంటిమిట్టలో మాత్రం కోదండరాముడు పున్నమి వెన్నెల దాకా ఆగుతాడు. రాష్ట్ర విభజన తర్వాత ఈ కల్యాణం ప్రభుత్వ ఉత్సవమైంది. 2015లో గుడి తిరుమల తిరుపతి దేవస్థానం చేతికి వచ్చింది. పట్టువస్త్రాలు, తలంబ్రాలు, జనం, వాటన్నిటి మీదా మైకు. ఆ మైకులో అన్నమయ్య పదం లేకుండా ఉత్సవం లేదు. ఆయన ఊరు తాళ్ళపాక ఎక్కడో లేదు, కడప నుంచి రాజంపేట వెళ్లే ఇదే దారి పక్కన ఉంది.

ఆ పాట ఎవరిది? అన్నమయ్యదని భక్తుడు తడుముకోకుండా చెబుతాడు. అదే ప్రశ్న కోర్టులో అడిగితే ఒక్క పేరుతో సరిపోదు. పదం పదిహేనో శతాబ్దిది, రాగిరేకుల మీద దొరికింది, దాని మీద ఎవరికీ హక్కు లేదు. కానీ రేకుల మీద సాహిత్యమూ రాగం పేరూ తప్ప పాడే బాణీ లేదు. ఆ బాణీలు కట్టినవాళ్లు మన కాలపువాళ్లు. అనంతపురం సీమ నుంచి వచ్చిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, తర్వాత నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ లాంటివాళ్లు. బాణీ స్వరకర్త సృష్టి. రికార్డింగు నిర్మాత హక్కు, ప్రచురించినప్పటి నుంచి 60 ఏళ్లు. పాడిన గొంతుకు 50 ఏళ్ల వేరే హక్కు. అన్నమయ్య కట్టిన ఇల్లు అందరిదే గానీ, అందులో ఒక్కో గదికి ఒక్కో తాళం.

పాతకాలంలో ఈ లెక్కలు లేవు. కవికి కృతిభర్త ఉండేవాడు. అంకితం పుచ్చుకున్న రాజు కీర్తి తీసుకుని అగ్రహారమో కనకాభిషేకమో ఇచ్చేవాడు. పోతన భాగవతాన్ని రాజుకు అమ్ముకోనని రాముడికి ఇచ్చాడన్న కథ తెలుగువాళ్లకు పాలతో వచ్చింది. ఆయన ఓరుగల్లు బమ్మెరవాడా ఒంటిమిట్టవాడా అన్న తగువు పండితుల మధ్య చాలాకాలం నడిచింది. ఎక్కడివాడైనా ఆయన తాటాకులను ఎత్తి రాసుకున్న లేఖకుడికి పుణ్యమే గానీ నోటీసు రాలేదు. సి.పి. బ్రౌన్ కడపలో బంగళా కొని, పండితులను కూర్చోబెట్టి ప్రతులు రాయించిన పని ఇవాళ్టి చట్టం కళ్లతో చూస్తే టోకు నకలే. ఆ నకలు వల్లే ఎన్నో పుస్తకాలు బతికాయి.

అచ్చు యంత్రం వచ్చాక లెక్క మారింది. 1914లో బ్రిటిష్ చట్టం, స్వతంత్రం తర్వాత 1957 కాపీరైట్ చట్టం. ఇది 1958 జనవరి 21న అమల్లోకి వచ్చింది. రచయిత బతికినన్నాళ్లు, ఆ తర్వాత 50 ఏళ్లు అన్నది పాత గడువు. టాగోర్ 1941లో పోయారు కాబట్టి 1991తో ఆయన రచనలు అందరివీ కావలసింది. సరిగ్గా ఆ గడువు తీరే వేళకు దాన్ని 60 ఏళ్లకు పెంచారు. ఆ పదేళ్లు విశ్వభారతి కోసం పెరిగినా దేశంలో రచయితలందరికీ చెల్లాయి.

ఒంటిమిట్ట గుడి కోసం టెంకాయ చిప్ప పట్టుకుని ఊరూరా బిచ్చమెత్తిన ఆంధ్రవాల్మీకి వావిలికొలను సుబ్బారావు 1936లో కన్నుమూశారు. పాత గడువు ప్రకారం 1986తోనే ఆయన రామాయణం అందరిదీ అయిపోయింది. పుట్టపర్తి నారాయణాచార్యులు 1990లో కడపలో పోయారు. ఆయన 'శివతాండవం' మీద హక్కు 2050 చివరిదాకా ఉంటుంది. పౌరాణిక నాటకాల లెక్క ఇంకా తమాషా. తిరుపతి వేంకట కవుల్లో దివాకర్ల తిరుపతిశాస్త్రి 1920లోనే వెళ్లిపోయినా, జంట రచనకు ఆఖరున పోయినవారి నుంచి లెక్క కడతారు. జంటలో మిగిలిన చెళ్లపిళ్ల 1950 దాకా ఉన్నారు. అంటే సీమ పల్లెల్లో హార్మోనియం ముందు రాగం తీసిన కృష్ణరాయబారం పద్యాలకు 2010 దాకా చట్టరీత్యా యజమానులున్నారు. ఆ సంగతి పట్టించుకుని రాయబారం ఆపిన కృష్ణుడు ఎవరూ ఉండరు.

ఇంతకీ కాపీరైట్ దేనిమీద? ఈ ప్రశ్నకు కడప చుట్టుపక్కలే మంచి జవాబుంది. బద్వేలు దగ్గర గోపవరం మొల్లది. ఆమె రామాయణం చెప్పింది. వావిలికొలను చెప్పారు. పుట్టపర్తి 'జనప్రియ రామాయణం' రాశారు. ఒకే రాముడు, ఒకే సీత, అదే వనవాసం. ఎవరూ ఎవరి సొమ్మూ ఎత్తుకోలేదు, ఎందుకంటే కథ ఎవరిదీ కాదు, చెప్పిన తీరే ఎవరిది వారిది. సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో తేల్చింది ఇదే. 'హమ్ హిందుస్తానీ' అనే తన నాటకాన్ని 1956లో వచ్చిన 'న్యూ ఢిల్లీ' సినిమాగా తీసేశారని ఆనంద్ దావా వేశారు. రెండింటిలోనూ పంజాబీ కుటుంబం, దక్షిణాది కుటుంబం, ప్రాంతీయ దురభిమానం, మధ్యలో ప్రేమ. ఊహకు, ఇతివృత్తానికి, చరిత్రకు, పురాణానికి కాపీరైట్ లేదని జస్టిస్ ఫజల్ అలీ రాశారు. రెండూ చూసిన మామూలు ప్రేక్షకుడికి ఇది అదేనన్న అనుమానం లేని అభిప్రాయం కలిగితేనే నకలు అన్నారు. ఆనంద్ ఓడిపోయారు.

వినడానికి తేలికగా ఉన్న కొలత ఇది. ప్రయోగించడం మొదలుపెడితే అంత తేలిక కాదు. రాంగోపాల్ వర్మ 2007లో తీసిన 'ఆగ్' మీద 'షోలే' హక్కుదారులు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు. పాత్రలు, కథ, సన్నివేశాల వరస, అన్నీ అడుగులో అడుగు. 2015లో కోర్టు దాన్ని తెలిసి చేసిన ఉల్లంఘనగా తేల్చి 10 లక్షల రూపాయలు కట్టమంది. దగ్గరి పోలిక దాచుకోని సినిమా కాబట్టి తీర్పు సులువైంది.

'శ్రీమంతుడు' సంగతి అలా కాదు. కొరటాల శివ సినిమా 2015లో వచ్చింది. స్వాతి పత్రికలో అచ్చయిన తన 'చచ్చేంత ప్రేమ' నవలనే సినిమా చేశారని రచయిత శరత్‌చంద్ర ఆరోపణ. ఫిర్యాదు హైదరాబాదు నాంపల్లి కోర్టులో మొదలైంది. క్రిమినల్ కేసు ఆపమని దర్శకుడు హైకోర్టుకు, అక్కడి నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లినా 2024 జనవరిలో ఊరట దక్కలేదు. అంటే నకలు అని తేలినట్టు కాదు, విచారణ జరగనివ్వండి అన్నట్టు. సొంతూరును దత్తత తీసుకోవాలన్న ఊహ ఎవరైనా చేయవచ్చు. ఆ ఊహను ఏ మనుషులతో, ఏ మలుపులతో, ఏ వరసలో చెప్పారన్న దగ్గరే పేచీ అంతా. ఒక న్యాయమూర్తికి ఆ గీత ఇక్కడ కనిపిస్తుంది, ఇంకొకరికి అక్కడ. కొలబద్ద ఒకటే అయినా పట్టుకున్న చెయ్యి మారితే కొలత మారే చట్టం ఇది.

నకలు అని తేలినా అన్ని నకళ్లూ నేరం కావు. అమెరికాలో దీనికి ఫెయిర్ యూజ్ అని పేరు. అక్కడ 1976 చట్టం నాలుగు విషయాలు తూచమంటుంది. వాడిన ఉద్దేశం, మూల రచన స్వభావం, తీసుకున్న పరిమాణం, దానివల్ల మూలానికి మార్కెట్లో పడే దెబ్బ. మిగతాది జడ్జి చూసుకుంటాడు. లక్షల పుస్తకాలను స్కాన్ చేసి వెతికే వీలు కల్పించిన గూగుల్ 2015లో ఈ దారిలోనే గెలిచింది. గాయకుడు ప్రిన్స్ ఫొటో మీద ఆండీ వార్హోల్ చేసిన బొమ్మ లైసెన్సు వ్యవహారం 2023లో అక్కడి సుప్రీంకోర్టులో ఓడింది. అంత విశాలమైన తలుపు మనకు లేదు. మనది ఫెయిర్ డీలింగ్, 52వ సెక్షన్‌లో ఒక జాబితా. సొంత వాడకం, పరిశోధన, విమర్శ, వార్తా కథనం, పాఠం చెప్పడం, కోర్టు పని, ఇలా సాగుతుంది. మీ పని జాబితాలో ఉందా లేదా అన్నదే మొదటి ప్రశ్న. లేకపోతే ఎంత మంచి పనైనా బయటే.

అయితే మన జడ్జీలు ఈ జాబితాను ఇంటి వాకిలంత చేసిన సందర్భాలున్నాయి. విమర్శనే తీసుకుందాం. కడప నుంచి 'సంవేదన' నడిపిన రాచమల్లు రామచంద్రారెడ్డి, మనకు రా.రా., కవిని అతని వాక్యాలతోనే దోషిగా నిలబెట్టేవారు. పాదం పాదం ఎత్తిచూపకుండా ఆ విమర్శ లేదు. ఎత్తిచూపడానికి కవిని అనుమతి అడగాలంటే ఏ కవి ఇస్తాడు? చట్టం ఆ స్వేచ్ఛ ఇచ్చింది. అది ఎంతవరకు అన్నది 1996లో కేరళ హైకోర్టు ముందుకు వచ్చింది. తోప్పిల్ భాసి ప్రసిద్ధ నాటకం 'నింగళెన్నె కమ్యూనిస్టాక్కి'కి జవాబుగా సివిక్ చంద్రన్ ఒక ఎదురు నాటకం రాశారు. మూల నాటకంలోని పాత్రలు, సంభాషణలు అందులో దండిగా ఉన్నాయి. కోర్టు మూడు చూసింది. ఎంత తీసుకున్నారు, ఎందుకు తీసుకున్నారు, రెండూ మార్కెట్లో ఒకదానికొకటి పోటీయా? పాత నాటకాన్ని ప్రశ్నించడానికి తీసుకున్నారే గానీ దాని ప్రేక్షకులను లాక్కోవడానికి కాదని తేల్చి చంద్రన్ వైపు నిలిచింది.

పేరడీ తెలుగువాడికి కొత్త కాదు. జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి, అంటే జరుక్ శాస్త్రి, తన కాలపు పెద్ద కవులనెవరినీ వదల్లేదు. ఆయన మీద ఎవరైనా కోర్టుకెళ్లి ఉంటే ఇలాంటి తీర్పు తెలుగులోనే ముందు పుట్టేదేమో.

చిన్న ముక్కల సంగతి 2012లో ఢిల్లీ హైకోర్టు చూసింది. ఒక టీవీ కార్యక్రమంలో గాయని వసుంధరా దాస్ తన కథ చెబుతూ, తాను పాడిన సినిమా పాటల్లో కొన్ని పంక్తులు పాడింది. సంగీత కంపెనీలు దావా వేశాయి. అంత కొద్దిపాటి వాడకాన్ని చట్టం పట్టించుకోనక్కర లేదని ధర్మాసనం చెప్పింది. తన పాట గురించి మాట్లాడే గాయని ఒక్క పంక్తి కూడా పాడకూడదంటే ఎలా అన్నది ఆ తీర్పు వెనక ఉన్న సామాన్య జ్ఞానం.

గాయకుల బాధ అంతకుముందు నుంచే ఉంది. 1977లో సినిమా సంగీతంపై తీర్పునిస్తూ సుప్రీంకోర్టు హక్కును నిర్మాత పక్షాన పెట్టింది. అదే తీర్పు చివర జస్టిస్ కృష్ణయ్యర్ విడిగా ఒక మాట కలిపి, పాడేవాడికి చట్టంలో చోటే లేకపోవడం మన సంగీత సంప్రదాయానికి తగదని బాధపడ్డారు. గొంతుకు హక్కు 1994లో వచ్చింది. పాట రాసినవారికీ బాణీ కట్టినవారికీ రాయల్టీలో విడదీయరాని వాటా 2012లో వచ్చింది. ఆ తర్వాత 2017లో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం అమెరికాలో కచేరీలు చేస్తుండగా ఇళయరాజా తరఫు నోటీసు అందింది, తన పాటలు అనుమతి లేకుండా పాడవద్దని. తెలుగువాళ్ల సానుభూతి అప్పుడు బాలు వైపే మొగ్గింది. బాణీ హక్కు వేరు, గొంతు హక్కు వేరు అన్న చట్టం మాట ఇంటింటికీ చేరిందీ అప్పుడే. బాలు గొడవపడకుండా చట్టమైతే పాటిస్తానని ఆ పాటలు పక్కన పెట్టి పాడారు. ఒక గాయకుడు, ఒక స్వరకర్త, ఇద్దరూ పెద్దవాళ్లు, మధ్యలో 1957 నాటి చట్టం.

మళ్లీ ఒంటిమిట్ట మైకు దగ్గరికి. 52వ సెక్షన్ జాబితా చివరికి వస్తుండగా ఒక అంశం ఉంది. నిజమైన మతపరమైన వేడుకలో గానీ, ప్రభుత్వం జరిపే అధికారిక వేడుకలో గానీ పాట వినిపిస్తే ఉల్లంఘన కాదు. దాని కింద ఒక వివరణ కూడా ఉంది. పెళ్లి ఊరేగింపు, పెళ్లికి సంబంధించిన ఇతర సంబరాలు మతపరమైన వేడుకలోకే వస్తాయి. కోదండరాముడి కల్యాణానికి ఇవన్నీ ఒకేసారి అతికాయి. అది గుడి వేడుక, ప్రభుత్వ ఉత్సవం, పైగా పెళ్లి. చట్టం రాసినవారి మనసులో ఇదే ఉందా అన్నంత బాగా కుదిరింది.

మనుషుల పెళ్లిళ్లకే చిక్కు వచ్చింది. ఫంక్షన్ హాలులో డీజే పెడితే లైసెన్సు కట్టాలని రికార్డింగు హక్కుల సంస్థలు అంటాయి, పెళ్లివారు వివరణ చూపిస్తారు. పెళ్లి పాటలకు అనుమతి అక్కర్లేదని కాపీరైట్ వ్యవహారాలు చూసే కేంద్ర శాఖ 2019లో ఇచ్చిన నోటీసును పంజాబ్, హర్యానా హైకోర్టు 2022లో కొట్టేసింది. చట్టానికి అర్థం చెప్పడం కోర్టు పని, శాఖ పని కాదన్నది కారణం. 2023 జూలైలో శాఖ మళ్లీ అలాంటిదే ఒక ప్రకటన ఇచ్చింది. దాని ఆధారంగా గోవా ప్రభుత్వం జారీచేసిన సర్క్యులరు కూడా 2024లో బొంబాయి హైకోర్టులో నిలవలేదు. ఫలితంగా చట్టంలో వివరణ ఉన్నచోటే ఉంది, దాని హద్దు ఎంతన్నది ఏ పెళ్లికి ఆ పెళ్లి తేల్చుకోవాలి. సంగీత్, రిసెప్షన్, పెళ్లిరోజు పార్టీ ఎందులోకి వస్తాయి? పురోహితుడిని అడిగితే ఒకటి చెబుతాడు, లాయరు ఇంకోటి.

నాటకాల వాళ్లకు ఇంతకన్నా తేలిక దారి ఉంది. టికెట్టు లేకుండా, లేదా గుడి కోసం ఔత్సాహికులు ఆడితే చట్టం అడ్డు చెప్పదు. సీమ పల్లెల్లో జాతరకు ఆడే హరిశ్చంద్ర చాలామటుకు ఈ గొడుగు కిందే నిలబడింది. దాన్ని రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతం 1953లో పోయారు గనక 2014 నుంచి ఆ గొడుగు కూడా అక్కర్లేదు.

చదువుల దగ్గర కోర్టులు ఇంకా ఉదారంగా ఉన్నాయి. 'ఎ పాసేజ్ టు ఇండియా' మీద పరశురాం రాసిన గైడుపై ఆ నవలాకారుడు ఫార్‌స్టరే మద్రాసులో దావా వేస్తే, 1964లో ఆ హైకోర్టు గైడు నవలకు నకలు కాదని చెప్పింది. గైడు కొనకుండా పరీక్ష రాసినవారు తక్కువైన మన ప్రాంతానికి ఆ తీర్పు చేసిన మేలు లెక్క కట్టలేం. తర్వాత వచ్చింది జిరాక్స్ కేసు. ఢిల్లీ యూనివర్సిటీ ఆవరణలోని రామేశ్వరి ఫొటోకాపీ దుకాణం పాఠ్యాంశాలను పుస్తకాల నుంచి తీసి కట్టలు కట్టి అమ్ముతోందని ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ 2012లో కోర్టుకెక్కాయి. నాలుగేళ్లకు జస్టిస్ రాజీవ్ సహాయ్ ఎండ్లా ఆ దావా కొట్టేశారు. కాపీరైట్ దైవదత్తం కాదు, చట్టం ఇచ్చిందే, చదువు కోసం అదే చట్టం మినహాయింపూ ఇచ్చింది అన్నది ఆయన వాదం. అప్పీలులో ధర్మాసనం చాలావరకు ఆ దారినే సాగినా దావాను విచారణకు తిప్పి పంపింది. పేజీల లెక్క పెట్టకుండా, పాఠానికి అవసరమైన మేరకేనా అని చూడమంది. 2017లో ప్రచురణకర్తలు దావా వదిలేశారు. కడప, కర్నూలు కాలేజీ గేట్ల ముందు జిరాక్స్ షాపులు నడుపుకునేవారిలో ఈ తీర్పు పేరు విన్నవారు ఉండకపోవచ్చు. వాళ్ల మెషీన్లు మాత్రం దాని నీడలోనే తిరుగుతున్నాయి.

ఇంతవరకు చూస్తే మన కోర్టులు మామూలు మనిషి వైపే ఉన్నట్టుంటుంది. కోర్టు దాకా వెళ్లగలిగినవాళ్ల సంగతి అది. వెళ్లలేనివాళ్ల దగ్గర చట్టం వేరే ముఖం చూపిస్తుంది. 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు ఉంది. ఇది బెయిలు దొరికే నేరమని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒకప్పుడు చెప్పింది. వేరే హైకోర్టులు వేరేగా అన్నాయి. 2022 మేలో నిట్ ప్రో కేసులో సుప్రీంకోర్టు ఆ తగువు తీర్చింది. నాన్ బెయిలబుల్, వారంటు లేకుండానే పోలీసులు పట్టుకోవచ్చు. దొంగ క్యాసెట్ల వ్యాపారాన్ని అణచాలన్న పట్టుదల కోర్టులకు కొత్తది కాదు. రాయలసీమకు చెందిన జస్టిస్ ఒ. చిన్నపరెడ్డి 1984లోనే గ్రామఫోన్ కంపెనీ కేసులో, మన నేల మీదుగా నేపాల్‌కు పోయే నకిలీ క్యాసెట్లను కూడా ఇక్కడ ఆపవచ్చని తీర్పునిచ్చారు. కానీ గిడ్డంగి నిండా నకిలీ సరుకు పెట్టినవాడికీ, హరికథ వీడియోలో నేపథ్యంగా ఒక సినిమా బిట్టు వేసినవాడికీ ఒకే సెక్షన్ వర్తించడం ఈ చట్టంలోని అసలు లోపం.

చాలా సందర్భాల్లో పోలీసు కూడా రాడు. యూట్యూబ్‌లో ఒక స్ట్రైకు వస్తుంది. మూడు వస్తే ఛానెల్ పోతుంది. అక్కడ సివిక్ చంద్రన్ మూడు ప్రశ్నలు ఎవరూ అడగరు, రాగాల పోలిక పట్టే యంత్రం పాత పదానికీ కొత్త బాణీకీ తేడా చూడదు. ఇంట్లో పిల్ల పాడిన కీర్తనకు ఏదో రికార్డింగు కంపెనీ హక్కు చూపిస్తే, తిప్పి రాయాలంటే ఫారం నింపాలి. ఎక్కువమంది వీడియో తీసేసి ఊరుకుంటారు. 52వ సెక్షన్ కోర్టులో ఎంత వెడల్పైనా ఫోనులో ఇరుకే.

ఇప్పుడు కొత్త పేచీ మొదలైంది. తమ వార్తలను అనుమతి లేకుండా వాడి చాట్‌జీపీటీకి శిక్షణ ఇచ్చారని వార్తాసంస్థ ఏఎన్‌ఐ 2024లో ఓపెన్‌ఏఐ మీద ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. యంత్రం చదవడం మనిషి చదవడం లాంటిదేనా, నకలు తీయడమా అన్నది అసలు ప్రశ్న. జాబితా రాసిన 1957లో ఎవరూ ఊహించని పాఠకుడు వాకిట్లో నిలబడ్డాడు. ఎత్తి రాసుకునే లేఖకుడితో దాన్ని పోల్చాలా, గిడ్డంగి వ్యాపారితో పోల్చాలా అన్నది జడ్జీలు తేల్చాలి. జాబితా పద్ధతికి ఇంతకన్నా గట్టి పరీక్ష ఇంతవరకు రాలేదు.

ఈలోగా క్యాలెండరు తన పని తాను చేసుకుపోతుంది. 1968లో పోయిన జరుక్ శాస్త్రి పేరడీలు 2029 జనవరి 1 నుంచి ఎవరైనా అచ్చేసుకోవచ్చు. రాళ్ళపల్లి 1979లో వెళ్లిపోయారు, ఆయన బాణీల గడువు 2039 డిసెంబరుతో ముగుస్తుంది. గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ 2025 మార్చిలో కన్నుమూశారు. హక్కు ఆయనదే అయిన బాణీల గడువు ఆయన జీవితాన్ని బట్టి నడుస్తుంది. పున్నమి రాత్రి ఒంటిమిట్టలో ఆయన బాణీలో అన్నమయ్య పదం వినిపిస్తే, ఆ సాహిత్యానికి అయిదు వందల ఏళ్లు దాటాయి, బాణీకి 2085 దాకా తాళం ఉండొచ్చు.